చేపతో సపెరావి

“ఇవాళ విందులో రెవాజ్‌ని చంపుతారు. ఎవరో తెలీదు. నువ్వు ఆపాలి,” అన్నాడు కర్నల్ ఒతార్.

ఏజెంట్ జుంబెర్ ఆవులించాడు. ఇన్నేళ్ల సర్వీసులో ఎవరూ ఇంతకంటే వివరంగా చెప్పిన పాపాన పోలేదు.

రెవాజ్ ఒక విదేశీ ముఠాకి రహస్యలిపి తయారుచేసిన ఇంజనీరు. మనసు మార్చుకుని వచ్చేశాడు. రేపు రాజధాని తిబిలిసిలో ముఠా పేర్లన్నీ చెబుతాడు. అంతదాకా వైన్‌కి పేరుమోసిన కాఖేతి లోయలో, ఏజెన్సీ మనిషి ఎతేరి ద్రాక్షతోటలో దాక్కున్నాడు. దాక్కున్నవాణ్ణి కోతల విందులో కూర్చోబెట్టడమేమిటని అడిగితే, ఇంటి అతిథి కనబడకపోతేనే ఊరికి అనుమానం వస్తుందట. ఆ మాట ఎతేరిదే.

జుంబెర్ ఆ విందుకి తమదా. టోస్టులు చెప్పే పెద్ద. మారువేషం మీసం. మీసం సొంతదే, రంగు ఏజెన్సీది. బొత్తాంలో మైకు. రహస్యపదం పలికితే, పొయ్యి దగ్గర మాంసం కాలుస్తున్న ఇద్దరు ఏజెంట్లు దూకుతారు.

నిరుడు ఇలాంటి సాక్షినే కాపాడలేకపోయాడు. అతని అంత్యక్రియల విందులోనూ తనే తమదా. చచ్చినవాడి మంచితనం గురించి మళ్లీ మాట్లాడే ఓపిక జుంబెర్‌కి లేదు.

ఎర్ర గౌనులో మెరిసిపోతూ ఎతేరి జుంబెర్ గ్లాసులో సపెరావి ఎర్రవైన్ వంపింది. నల్లగా, సిరాలా ఉంది.

“ఎలా ఉంది, బతోనో జుంబెర్?” అని మర్యాదగా అడిగింది.

“చిగుళ్లు బిగుసుకుపోయాయి. అంటే బాగున్నట్టే. దీనికి కొవ్వు కారే గొర్రెమాంసం పడాలి.”

“మాంసం తర్వాత. ముందు చేప.”

గౌరవ అతిథి కదా అని అదే జాడీలోంచి రెవాజ్‌కి వెండి అంచున్న కొమ్ముపాత్ర నింపి ఇచ్చింది.

జుంబెర్ చేప కొరికి, వైన్ గుటకేశాడు. తుప్పుపట్టిన మేకు నాకినట్టయింది. చేపతో ఎర్రవైన్ కలిస్తే అంతే. ఈ లోయలో పుట్టిన ఎతేరికి ఆ సంగతి తెలియక కాదు. తెలిసే పెట్టింది. నోట్లో ముందే ఇనుప రుచి ఉంటే, విషానికున్న ఇనుప రుచిని ఎవడు పసిగడతాడు? జాడీలోది తను తాగాడు, బతికే ఉన్నాడు. అంటే కొమ్ము లోపల పూసింది.

కొమ్ములోది మాత్రం టోస్టు పూర్తయ్యేదాకా ఎవరూ తాగరు. అదొక్కటే అదృష్టం. జుంబెర్ లేచి తల్లుల గురించి మొదలుపెట్టాడు. రహస్యపదం మాత్రం గుర్తురాలేదు. ఏదో పక్షి పేరు. పిచ్చుకల్లా పిల్లల్ని సాకిన తల్లులన్నాడు. కొంగల్లా ఓపికగా నిలబడ్డ తల్లులన్నాడు. గద్దల్లా కాపాడిన తల్లులన్నాడు. ఏజెంట్లు మాంసం తిప్పుతూనే ఉన్నారు. చివరికి మాటలైపోయాయి. రెవాజ్ కొమ్ము ఎత్తాడు.

“ఆగండి, బతోనో రెవాజ్. అలావెర్ది, మన ఎతేరికి. ఆ కొమ్ముతోనే.”

అలావెర్ది అందినవాళ్లు టోస్టు కొనసాగించి తాగి తీరాలి. ఎతేరి చిరునవ్వుతోనే కొమ్ము అందుకుంది. తల్లుల గురించి చక్కగా మాట్లాడింది. తర్వాత ఆమెకీ మాటలైపోయాయి. కొమ్ముకి చదునైన అడుగుండదు, బల్లమీద పెట్టడానికి లేదు. బల్ల చుట్టూ అందరూ చూస్తున్నారు. ఆమె కొమ్ము పెదాల దాకా తెచ్చి ఆపేసింది.

“ఏమ్మా, తాగవేం?” అన్నాడు జుంబెర్.

“నాకు... వంట్లో బాగోలేదు.”

కోతకొచ్చిన ముసలామె ఒకతె లేచింది. “తల్లుల పేరు చెప్పి తాగనంటావుటే?”

బల్లంతా లేచి నిలబడింది. ఆ అలికిడికి ఏజెంట్లు ఇటు తిరిగారు. ఎతేరి రెండో చెయ్యి చేతిసంచిలోని పిస్తోలు మీద పడేలోపు జుంబెర్ ఆ మణికట్టు పట్టుకున్నాడు. కొమ్ము గడ్డిలో పడింది.

రెవాజ్ గడ్డిలోని కొమ్మునే చూస్తూ కూర్చున్నాడు. జుంబెర్ అతని ముందు వేడి మాంసం పెట్టి, తన గ్లాసు అతనికిచ్చాడు. రెవాజ్ తింటూ ఏడ్చాడు. బతికున్నవాడు తింటుంటే చూడటం జుంబెర్‌కి ఎంతో హాయిగా అనిపించింది.

సాయంత్రం ఒతార్ ఫోన్ చేశాడు. “ఎప్పుడు అనుమానం వచ్చింది?”

“చేపతో సపెరావి పోసినప్పుడు.”

“అది నేరం కాదుగా?”

“కాఖేతిలో నేరమే. అవునూ, ఆ రహస్యపదం ఏ పక్షి?”

ఒతార్ కాగితాలు తిరగేశాడు. అతనికీ గుర్తులేదు.