పేలని తూటా

టంగ్!

సిమెంటు నేల మీద ఏదో పడింది. దొర్లుకుంటూ వచ్చి నోర్మా బూటుకి తగిలి ఆగింది.

కాల్చాక పడే ఖాళీ షెల్ అయితే ఆమె పట్టించుకునేదే కాదు. ఈ షూటింగ్ రేంజ్ నిండా అవే. ఇరవై ఏళ్లుగా ఊడ్చి ఊడ్చి ఆమె నడుం పడిపోయింది.

కానీ ఇది ఖాళీ షెల్ కాదు.

నిండు తూటా... పేలని తూటా!

నోర్మా వంగి దాన్ని తీసుకుంటుంది.

"ఏం నాయనా, తూటాలు నీకంత చవకా?" నవ్వు తెచ్చిపెట్టుకుని అడుగుతుంది.

పిస్టల్ కొనడానికి వచ్చిన డ్వేన్ వెనక్కి తిరగడు. గురిబోర్డు వైపు చూస్తూనే భుజాలు ఎగరేస్తాడు.

"అలవాటు మేడమ్. లోడ్ చేసినప్పుడోసారి, కాల్చేముందోసారి స్లైడ్ లాగుతాను. లోపల ఉందో లేదోనని బెంగ!"

అలవాటు!

పిస్టల్ పైభాగాన్ని, అంటే స్లైడ్‌ని, మొదటిసారి వెనక్కి లాగితే తూటా గొట్టం మొదట్లోని చాంబర్‌లోకి ఎక్కుతుంది. రెండోసారి లాగితే అదే తూటా పేలకుండానే బయటికి ఎగిరి పడుతుంది. ఈ అరిజోనా ఎడారి ఊళ్లో బడిపిల్లలకి కూడా తెలిసిన సంగతే అది.

పదకొండు నెలల కిందట, పట్టపగలు, హైవే మీది పెట్రోలు బంకులో ఆమె భర్త లైల్‌ని ఎవడో కాల్చి చంపాడు. శవం పక్కన ఒక పేలని తూటా దొరికింది. ఎందుకు పడిందో ఎవరికీ అంతుపట్టలేదు. షెరిఫ్ ఆ ముక్క బయటికి పొక్కనివ్వలేదు. తెలిసింది ఆయనకీ, నోర్మాకీ మాత్రమే.

ఇంకొకడికి కూడా తెలిసి ఉంటుంది... కాల్చినవాడికి!

"ఇది నాకు కుదరదు మేడమ్." డ్వేన్ పిస్టల్‌ని బల్ల మీద పెడతాడు. "పిడి మరీ పొట్టి. చిటికెన వేలు గాల్లో వేలాడుతోంది. వెనక్కి తన్నినప్పుడల్లా చర్మం కొరుకుతోంది."

"జేబులో పట్టే పిస్టల్ కావాలన్నావుగా. చెప్పులు కొనేముందు నాలుగడుగులు నడిచి చూస్తాం కదా, ఇదీ అంతే." కాగితం మీద 'పిడి పొట్టి' అని రాస్తుంది. "నీ పాత పిస్టల్ ఏమైంది?"

"పోయింది."

"ఎప్పుడు?"

"నిరుడు. ఏం?"

"ఊరికే."

ఏం చెయ్యాలి?

షెరిఫ్ రావడానికి నలభై నిమిషాలు. వచ్చి మాత్రం ఏం చేస్తాడు? స్లైడ్ రెండుసార్లు లాగడం నేరమా? ఏ లాయరైనా పకపకా నవ్వుతాడు. పైగా వీడు అమాయకుడైతే? ఆ అలవాటు ఇంకెవడికైనా ఉంటే?

తేల్చుకోవాలి. ఇప్పుడే!

నడుముకి తగిలించుకున్న తన పిస్టల్‌ని ఓసారి తడుముకుని, నోర్మా అమ్మకానికున్న రెండో పిస్టల్ తీస్తుంది. అతనికి వీపు చూపించి, తూటాలు పేర్చే మ్యాగజైన్‌లో తూటా పెడుతుంది.

ఒకటే!

మ్యాగజైన్‌ని పిడిలోకి తోస్తుంది. స్లైడ్ లాగి వదులుతుంది. ఆ ఒక్కటీ చాంబర్‌లోకి ఎక్కేస్తుంది.

"దీని స్లైడ్ మెత్తన. కీళ్లనొప్పుల చేతులు నావి... నాకే లొంగింది." పిస్టల్‌ని బల్ల మీద పెడుతుంది. లోడైన పిస్టల్ ఇస్తే ఆ మాట చెప్పి తీరాలి. అది రేంజ్ రూలు. చెప్పకపోతే వాడికి అనుమానం వస్తుంది. చెప్తే...

"లోడైంది నాయనా. మళ్లీ లాగక్కర్లేదు."

చెప్పేసింది! వాడు ఈ మాట విని స్లైడ్ లాగకపోతే ఆమె చచ్చినట్టే.

డ్వేన్ పిడి పట్టుకుంటాడు. ముఖం వెలిగిపోతుంది.

"ఆహా! ఇదీ పిస్టలంటే. వేళ్లన్నీ కూర్చున్నాయి. ట్రిగ్గర్ కూడా దగ్గరగా అందుతోంది."

"నాయనా... లైల్ టీగ్ తెలుసా?"

అతని వేళ్లు బిగుసుకుంటాయి.

"ఎవరు?"

"నా భర్త. పెట్రోలు బంకులో పోయాడు. ఆయన పక్కన కూడా ఇలాంటి తూటాయే దొరికింది. పేలనిది."

అమాయకుడు అయ్యో అంటాడు. లేదా, అయితే ఏంటంటాడు.

డ్వేన్ గిర్రున తిరుగుతాడు!

పిస్టల్ గొట్టం సరిగ్గా ఆమె నుదుటికి ఎదురుగా!

"నోరు మూసుకుని నీ పని చూసుకోవచ్చుగా, ముసలిదానా! నీ మొగుడూ ఇంతే. తల దించుకోమన్నా వినలేదు. నా ముఖమే చూశాడు!"

నోర్మా కళ్లు అతని ఎడమ చేతి మీదే.

స్లైడ్ లాగు... లాగరా!

అతని ఎడమ చెయ్యి స్లైడ్ మీదికి వెళ్తుంది. లాగుతుంది.

టంగ్!

ఉన్న ఒక్క తూటా ఎగిరి నేల మీద పడుతుంది.

స్లైడ్ ముందుకి రాదు! మ్యాగజైన్ ఖాళీ. పిస్టల్ పేలే వీల్లేకుండా నోరు తెరుచుకుని అలాగే ఉండిపోతుంది.

డ్వేన్ దాన్ని చూస్తాడు. నేలని చూస్తాడు. తలెత్తేసరికి నోర్మా నడుముకున్న పిస్టల్ ఆమె చేతిలో ఉంది.

"కదలకు. పైన కెమెరా ఉంది, నీ మాటలన్నీ వింది."

ఒక్క క్షణం...

డ్వేన్ మోకాళ్ల మీద పడతాడు. అతని చెయ్యి నేల మీది తూటా వైపు దూసుకుపోతుంది!

"ముట్టుకోకు నాయనా." నోర్మా అతనికే గురిపెట్టి ఉంచుతుంది. "అది సాక్ష్యం."

అతని వేళ్లు తూటాని అందుకుంటాయి.

ఢాం!

నోర్మా పిస్టల్ పేలుతుంది.