తల కోసిన ఫొటో

ఇరవై ఐదేళ్ల తర్వాత తండ్రి ముఖం చూసుకుందామని వచ్చిన నాగమల్లేశ్వరికి ఫొటోలో తండ్రి తల కనబడలేదు. మెడకు పైన ఎవరో బ్లేడుతో గుండ్రంగా కోసేశారు.

అరగంట తర్వాత ఆమె బందరు రాబర్ట్‌సన్‌పేటలో, ప్రైవేటు డిటెక్టివ్ ఝాన్సీలక్ష్మి ఆఫీసులో నిలబడి ఉంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. అసిస్టెంటు ఆనందరావు మంచినీళ్లిస్తే గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"నీళ్లొద్దండీ. మా నాన్న తల కోసిందెవరో చెప్పండి, చాలు."

"మొదట్నించీ చెప్పమ్మా," అంది ఝాన్సీలక్ష్మి పెన్ను తీస్తూ. పద్దెనిమిదేళ్లు కోర్టులో సాక్షుల వాంగ్మూలాలు రాసి, విసిగి రాజీనామా చేసిన మనిషి ఆమె. ఎదుటివాళ్లు అన్న మాటను అన్నట్టే రాసుకోవడం అప్పటి అలవాటు.

నాగమల్లేశ్వరిది దివిసీమలో కోడూరు దగ్గర తూర్పుదిబ్బ. చేపలమ్ముకుని బతుకుతుంది. డెబ్బై ఏడు ఉప్పెన నాటికి ఆమెకు పదమూడేళ్లు. ఆ పల్లెలో అప్పుడు ఒకటే మేడ, శోభనాద్రి గారి ధాన్యం కొట్టు. సముద్రం ఊరి మీద పడ్డప్పుడు జనం అక్కడికే పరిగెత్తారు. తలుపు తెరుచుకోలేదు. నలభై రెండు మంది ఆ గోడ పక్కనే పోయారు. నీళ్లు తీశాక చూస్తే తలుపుకి బయట తాళం ఉంది, తాళంచెవి లేదు. చెవి ఉండాల్సింది కాపలాదారు ఎల్లయ్య దగ్గర. తాళంచెవి పట్టుకుని పారిపోయి ఇంతమందిని చంపాడని ఊరంతా తీర్మానించేసింది. అతను ఏదో సహాయ శిబిరంలో ప్రాణం వదిలాడని ఎన్నాళ్లకో తెలిసింది. శవం ఇంటికి రాలేదు.

"నన్ను తాళం ఎల్లయ్య కూతురంటారండీ. బేరం తెగకపోతే 'తాళమేసుకు పో' అని నవ్వుతారు. మా అమ్మ బుల్లెమ్మ పాతికేళ్లుగా ఒక్క పేరంటానికి గడప దాటలేదు. ఈ మంగళవారం మా ఊళ్లో రాయి ఎత్తుతున్నారు, పోయినోళ్ల పేర్లతో. నలభై రెండు పేర్లూ చెక్కేశారు. మా నాన్న పేరు లేదు. చెక్కించేది ఆ శోభనాద్రి కామందే. ఫొటో కోయించిందీ ఆయనేనండీ!"

"ఫొటో ఎక్కడిది?"

"ఆస్ట్రేలియాదండీ."

ఉప్పెన తర్వాత వైద్యం చేయడానికి వచ్చిన ఆస్ట్రేలియా నర్సు ఒకావిడ చాలా ఫొటోలు తీసిందట. ఆవిడ పోయాక సొంతూరి వాళ్లు వాటిని తమ చరిత్ర మ్యూజియంలో దాచారు. వాటిలో కొన్నిటిని, ఆవిడ రాసిన ఉత్తరం అచ్చయిన పత్రిక ముక్కతో సహా, బందరులోని ఒక చిన్న లైబ్రరీకి పంపారు. ముందుగా వచ్చిన జాబితాలో 'ఎల్లయ్య, కాపలాదారు' అని ఉంది. ఆ కబురు తెలిసి నాగమల్లేశ్వరి మొదటి బస్సెక్కింది.

"మా ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటీ లేదండీ. ముఖం మర్చిపోతున్నాను," అంది. అంతసేపూ తడవని కళ్లు అప్పుడు తడిశాయి.

ఝాన్సీలక్ష్మి పుస్తకం మూసింది. "స్కూటర్ తియ్యి, ఆనందరావ్."

లైబ్రేరియన్ కాంతారావు గారికి యాభై ఐదేళ్లుంటాయి. సన్నటి మనిషి, నెమ్మదైన గొంతు. ఉప్పెన గురించి ఎక్కడ ఏ ఫొటో, ఏ పత్రిక ముక్క దొరికినా తెచ్చి అంటించి, ఇరవయ్యేళ్లలో పన్నెండు ఆల్బములు చేశాడు. బందరులో ఆయనంటే అందరికీ గౌరవం.

"నిన్న మధ్యాహ్నం పార్సిల్ విప్పానమ్మా. సాయంత్రం శోభనాద్రి గారు, మనవడు విక్రమ్ వచ్చారు. ఒంట్లో బాగాలేక నేను అయిదింటికే ఇంటికెళ్లిపోయాను. వాళ్లే తలుపు వేసి వెళ్లారు. పొద్దున చూస్తే ఇలా..."

ఆనందరావు ఫొటో అందుకున్నాడు. నులకమంచం మీద పడుకున్న మనిషి. ఛాతీ మీద రెండు చేతులు, రెండింటికీ వేళ్ల చివరిదాకా గుడ్డ కట్లు. మెడ పైన పెద్ద రంధ్రం, తలకు రెండింతలుంది. రంధ్రం ఎడమ అంచున తెల్ల చొక్కా మోచెయ్యి ఒకటి మిగిలింది.

"కసిగా కోశాడండీ," అన్నాడు ఆనందరావు.

ఝాన్సీలక్ష్మి పక్కనే అట్ట మీద అంటించిన పత్రిక ముక్క చూస్తోంది. నర్సు తన ఊరి పత్రికకు రాసిన ఉత్తరం అది. పై అంచున సన్నటి నల్లటి పట్టీ ఉంది. కింద కాంతారావు గారి గుండ్రటి అక్షరాల్లో తెలుగు కార్డు. ఆనందరావు రెండూ చదివాడు. చనిపోయేముందు ఎల్లయ్య ఒకే మాట పలవరించేవాడని నర్సు రాసింది. ఆ మాటను తను విన్నట్టే ఇంగ్లీషు అక్షరాల్లో 'మాస్టర్ గారు, తలుపు' అని పెట్టింది. తన యజమానిని పిలుస్తున్నాడేమో అనుకుందట. కార్డులో 'యజమానిగారూ, తలుపు' అని ఉంది.

ఆనందరావుకి ఒళ్లు మండింది. తాళంచెవి కామందు దగ్గరే ఉందన్నమాట!

"ఉప్పెన నాడు మీరెక్కడున్నారు, కాంతారావు గారూ?" అని అడిగింది ఝాన్సీలక్ష్మి.

"ఇక్కడే, బందర్లో. జ్వరం. లైబ్రరీ ఉద్యోగం రాకముందు రెండేళ్లు దివిసీమలోనే పనిచేశాను గానీ, ఆ వారం సెలవులో ఉన్నాను. మళ్లీ దివి ముఖం చూసింది పదిహేను రోజుల తర్వాతే."

ఆమె ఆ మాటను కూడా అలాగే రాసుకుంది.

శోభనాద్రి గుడివాడలో ఉంటాడు. డెబ్బై దాటినా గొంతు తగ్గలేదు. వరండాలోనే అరిచాడు.

"తల నేను కోశానా? నాకదేం పని! నేను చూసేసరికే అది బొక్కపడి ఉంది. ఆస్ట్రేలియా వాళ్లు చిరిగింది పంపారనుకున్నాను. ఏరా విక్రమ్, అవునా కాదా?"

"అవును తాతయ్యా," అన్నాడు విక్రమ్.

"మనవడి సాక్ష్యం!" అన్నాడు ఆనందరావు ఉండబట్టలేక.

"ఎవడోయ్ నువ్వు? మా ఇంటికొచ్చి నన్నే దెప్పుతావా?"

ఝాన్సీలక్ష్మి మధ్యలోకి వచ్చింది. "ఆ రోజు తాళంచెవి ఎవరి దగ్గరుందండీ?"

"ఎల్లయ్య దగ్గరే. నేను ముందు రోజే పెదపారుపూడి వెళ్లాను, పెళ్లికి. గాలివాన ముదిరితే కొట్టు తీసి జనాన్ని ఎక్కించమని వాడికి మరీ మరీ చెప్పి వెళ్లాను. వాడు పారిపోయాడు."

"మీరు చూశారా?"

"చూట్టమేంటి? అందరూ అన్నదే!"

"మొట్టమొదట అన్నదెవరు?"

"పాతికేళ్ల నాటి మాట. గుర్తులేదు."

"గుర్తు తెచ్చుకోండి. సోమవారం లైబ్రరీకి వచ్చి చెప్పండి."

తిరుగు దారిలో ఆనందరావు ఆగలేకపోయాడు. "ఇంకా సందేహమెందుకు మేడమ్? పత్రికలోనే ఉందిగా!"

"పత్రికలో ఉన్నదాన్ని నువ్వు చదివావు. పత్రిక అంచు చూశావా? పైన నల్లగా ఉన్నది గీత కాదు, ఫొటో అడుగు భాగం. ఉత్తరంతో పాటు ఫొటో కూడా వేశారు. మనకు పంపింది కింది ముక్కే. మొత్తం పేజీ ఆ మ్యూజియంలో ఉండి తీరుతుంది. కోనేరు సెంటర్ దగ్గర ఇంటర్నెట్ షాపుకి పోనియ్యి."

ఆ మ్యూజియం శని, ఆదివారాల్లోనే తెరుస్తారట, అదీ ఊళ్లో పెద్దవాళ్లు వంతులు వేసుకుని. ఆదివారం మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. ప్రింటు తీసి చూసిన ఆనందరావు శోభనాద్రిని అన్న మాటకు సిగ్గుపడ్డాడు. ఆ తర్వాత మరొకరి మీద అంతకు పదింతలు కోపం వచ్చింది.

సోమవారం పదకొండింటికి లైబ్రరీలో అందరూ చేరారు. శోభనాద్రి, విక్రమ్ ఒక పక్క, నాగమల్లేశ్వరి గుమ్మం దగ్గర. కాంతారావు తన బల్ల వెనక కూర్చున్నాడు.

"రాతి పనివాడు ఊళ్లో ఇంకా ఉన్నాడా?" అని అడిగింది ఝాన్సీలక్ష్మి.

"రేపటిదాకా ఉంటాడు," అన్నాడు శోభనాద్రి. "కానీ ఊరు ఒప్పుకోవాలి. ఎల్లయ్య దోషి కాదని మీరు కాగితాలు చూపిస్తే చాలదు. చేసినవాడు నలుగురిలో నోటితో చెప్పాలి. అప్పుడు నేనే దగ్గరుండి చెక్కిస్తాను."

"సరే." ఆమె తల లేని ఫొటో పైకెత్తింది. "ఎల్లయ్య మీద కసి ఉన్నవాడు ఎల్లయ్య తల మేరకే కోస్తాడు. ఈ రంధ్రం రెండు తలలంత ఉంది. ఇదిగో, పక్కన ఇంకో మనిషి మోచెయ్యి. కోసినవాడికి కావలసింది ఎల్లయ్య తల కాదు. అతని తలాపున కూర్చున్నవాడి తల. రెండూ ఆనుకుని ఉన్నాయి కనుక రెండూ పోయాయి."

"ఎవరా మనిషి?" అన్నాడు విక్రమ్.

"చెప్తాను. ఎల్లయ్య చేతులు చూడండి. తాళంచెవి ఉన్నవాడు వేళ్లు చితికేదాకా తలుపు బాదడు. అంటే చెవి అతను ఎవరికో ఇచ్చాడు. ఎవరికిచ్చాడో తనే చెప్పాడు. నాగమల్లేశ్వరీ, మీ నాన్న శోభనాద్రి గారిని ఏమని పిలిచేవాడు?"

"కామందుగారూ అనేవాడండీ. మేమంతా అంతే."

"మాస్టారూ అని ఎప్పుడైనా?"

నాగమల్లేశ్వరి విచిత్రంగా చూసింది. "కామందుని మాస్టారూ అని ఎందుకంటామండీ? మాస్టారంటే బళ్లో..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. ఆమె చూపు బల్ల వైపు తిరిగింది.

"నర్సు ఇంగ్లీషు మనిషి. మాస్టర్ అని వినబడితే యజమాని అనుకుంది. ఆమె పొరబాటులో తప్పులేదు," అంది ఝాన్సీలక్ష్మి. "కానీ కాంతారావు గారూ, మీరు తెలుగువారు. ఎల్లయ్య తెలుగులోనే అన్నాడు. తెలుగు మాటను తెలుగులోకి అనువాదం చేయాల్సిన అవసరం మీకెందుకొచ్చింది?"

కాంతారావు కళ్లజోడు తీసి తుడుచుకోసాగాడు.

"నేను చెప్పనా?" శోభనాద్రి ఒక్కసారిగా లేచాడు. ముఖం కందగడ్డలా అయింది. "గుర్తొచ్చింది! పెళ్లినుంచి తిరిగొస్తుంటే దారిలో ఎదురై 'ఎల్లయ్య తాళంచెవితో పారిపోయాడండీ' అన్నది నువ్వే! అప్పుడు గడ్డముండేది. తూర్పుదిబ్బ బడిపంతులు! నీ మాట పట్టుకుని పాతికేళ్లు ఆ సంసారాన్ని తిట్టానురా!"

"ఉప్పెన తర్వాత పదిహేను రోజులదాకా దివికి వెళ్లలేదని శనివారం ఆయనే నాతో చెప్పారు," అంటూ ఝాన్సీలక్ష్మి ప్రింటు బల్ల మీద పరిచింది. పాత పత్రిక పేజీ. మంచం మీద కోలముఖం మనిషి ఒకడు, పెద్ద కళ్లు. తలాపున గడ్డంతో సన్నటి యువకుడు, తెల్ల చొక్కా. "ఫొటో తీసింది ఉప్పెన వచ్చిన నాలుగో రోజు. కింద తేదీ ఉంది. ఇక్కడ కోస్తే పోతుందనుకున్నారు. అక్కడి వాళ్లు పేజీ పేజీ దాచుకున్నారు, అచ్చం మీలాగే."

నాగమల్లేశ్వరి ముందుకొచ్చింది. తండ్రి ముఖం వైపు ఒక్కసారి చూసి, ప్రింటు మీద అరచెయ్యి ఆనించింది. తర్వాత తలెత్తింది. కాంతారావు సొరుగు లాగి ఒక చిన్న కవరు తీశాడు. దానిలో గుండ్రంగా కోసిన ముక్క. వెనక పెన్సిలుతో నంబరు కూడా వేశాడు.

"పారేయలేకపోయానమ్మా. చేత కాలేదు."

"నాకా ముక్కొద్దు!" ఆమె గొంతుకి లైబ్రరీ అంతా దద్దరిల్లింది. "మీరు మా ఊరొచ్చినప్పుడల్లా మా అమ్మ మీకు చల్ల ఇచ్చేది. పుస్తకాలంటించే పంతులుగారని దణ్ణం పెట్టేది. ఆ చల్ల మీకెలా దిగింది? చెప్పండి. మా నాన్న పేరు రాయి మీద పడాలి. మీ నోటితోనే పడాలి."

కాంతారావు కవరు బల్ల మీద పెట్టాడు.

"ఆ సాయంత్రం నన్ను లేపింది ఎల్లయ్యే. 'మాస్టారూ, సముద్రం వచ్చేస్తంది, కొట్టులోకి పదండి' అన్నాడు. నా పుస్తకాల పెట్టె తనే నెత్తిన పెట్టుకుని తెచ్చాడు. తాళం తీసి నన్ను మేడెక్కించి, చెవి నా చేతిలో పెట్టాడు. 'తలుపు తీసే ఉంచండి, మావోళ్లని తోలుకొస్తాను' అని వానలోకి పరిగెత్తాడు. నీళ్లు గడప దాటేసరికి భయమేసింది. కిందికి దిగి లోపలి గడియ వేశాను. అప్పుడు వచ్చారు. అందరూ ఒకేసారి బాదారు. తీస్తే నీళ్లొస్తాయి, అంతమంది ఎక్కితే మేడ కూలుతుంది, అని నాకు నేనే చెప్పుకున్నాను. మేడ కూలేది కాదు. అది నాకప్పుడూ తెలుసు. తెల్లారాక బయటికొచ్చి తాళం వేసి, చెవి కాలవలో పారేశాను. శిబిరంలో ఎల్లయ్య బతికున్నాడని తెలిసి వెళ్లాను, ఎవరికైనా చెప్పాడేమో చూద్దామని. ఎవరికీ చెప్పలేదు. నన్ను చూసి చెయ్యి ఎత్తబోయాడు, అప్పుడే ఆ నర్సు ఫొటో తీసింది. ఆ మర్నాడు పోయాడు. పోయినవాడు ఎదురు చెప్పడని నేరం వాడి మీద పెట్టాను. మల్లేశ్వరీ, మీ నాన్న తన కోసం తలుపు తీయమనలేదమ్మా. అందరూ కొట్టీ కొట్టీ ఆగిపోయాక, మేడ కిటికీ కింద తాడిదుంగ పట్టుకుని ఒక్కడే అరిచాడు. 'మాస్టారూ, తలుపు తియ్యకపోతే పోనీండి, పిల్లలున్నారు, కిటికీలోంచి అందిస్తాను, అందుకోండి' అని. ఒక బిడ్డని పైకెత్తాడు కూడా. ఆ బిడ్డ చెయ్యి కిటికీ అంచు పట్టుకుంది. నేను కిటికీ మూసేశాను."