తరగని సీసా

షెరిన్ కోలారు టమాటా మార్కెట్టు దగ్గరి ఆ చిన్న ఆఫీసు మెట్లెక్కి వచ్చి, వెనక ఎవరైనా వస్తున్నారేమోనని రెండుసార్లు చూసుకుంది. నరసింహప్ప కుర్చీ చూపించి, మంచినీళ్ళిచ్చి, తన స్టూలు మీద సర్దుకున్నాడు. ఇరవై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసినవాడు. టికెట్టు లేనివాళ్ళ భయానికీ ఈ భయానికీ తేడా తెలుసు. డిటెక్టివు నేత్రావతి దగ్గర అసిస్టెంటుగా చేరాక ఆ తెలివికి జీతం కూడా వస్తోంది.

"మా ల్యాబులో ఒక సీసా ఉండాది మేడం. ఎంత వాడినా తరగడం లేదు," అంది షెరిన్ నేత్రావతితో.

మిగతాది నెమ్మదిగా బయటికొచ్చింది. బంగారు గనులు మూతబడి పన్నెండేళ్ళయింది. కేజీఎఫ్‌లో గని కార్మికుల దీపాలుంచే ఒక పాత ల్యాంప్‌రూమును ల్యాబు చేశారు. బంగారం తీసి పారబోసిన సైనైడు దిబ్బల మట్టిలో బతికే బాక్టీరియా మీద ఆమె పరిశోధన. ఇనుముకు తుప్పు పట్టినట్టే జీవకణాలకూ ఆక్సిజన్ దెబ్బ తగులుతుందట. దాన్ని కాచుకునే యాంటీ ఆక్సిడెంట్ ప్రోటీన్ ఒకటి ఇందులో దొరికింది. రుజువు తేలికే. అలా దెబ్బకొట్టే హైడ్రోజన్ పెరాక్సైడే ఆ తరగని సీసాలోది; అది పోస్తే ప్రోటీన్ ఉన్న కణాలు బతకాలి, ప్రోటీన్ తీసేసినవి చావాలి. మొదట అలాగే జరిగింది. అది చూసే బెంగళూరులో పరిశోధన సీటు ఇస్తామన్నారు. మూడు వారాలుగా మాత్రం చావాల్సినవి కూడా హాయిగా బతుకుతున్నాయి. సోమవారంలోగా పాత ఫలితం మళ్ళీ చూపకపోతే సీటు పోతుంది, దొంగ ఫలితాలు రాసిందన్న పేరు మిగులుతుంది.

నీళ్ళు కలిపారని అనుమానం రాలేదా అని నేత్రావతి అడిగింది.

"వచ్చింది మేడం. సీటు నా తర్వాత మా ల్యాబులోనే పరిశోధన చేసే సెల్విన్‌కే. కానీ తెల్లారి ల్యాబుకు పోతే లోపల ఎవరో నంబర్లు పిలుస్తా ఉంటారు. నాలుగువందల పన్నెండు, నాలుగువందల పదమూడు... ముసలి గొంతు. తాళం తీసేలోగా ఆగిపోతుంది. ఎవరూ ఉండరు."

నరసింహప్ప స్టూలు గోడవైపు జరుపుకున్నాడు. నేత్రావతి మాత్రం వెనక తలుపు ఉందా అని అడిగింది. ఉందట.

శనివారం మధ్యాహ్నం వాళ్ళు ల్యాబుకు వెళ్ళారు. మూసేసిన గని షాఫ్టులోంచి గాలి మూలుగుతోంది. దీపాలు లేని కొయ్య అరల మీద మనుషుల నంబర్లు ఇంకా చెరగలేదు. అటెండరు ఆంథోనీ, గని మూసేదాకా ఇదే గదిలో కార్మికుల తలదీపాలు చూసుకున్నవాడు, నెల కిందట మళ్ళీ ఇక్కడే పనికి చేరాడు. డైరెక్టరు రాయ్ దయ్యాల గురించి మాట్లాడనన్నాడు; డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు నెలకు రెండు చాలేవి, ఇప్పుడు ఐదు అవుతున్నాయని మాత్రం చాలాసేపు మాట్లాడాడు.

"నీ దగ్గర తాళంచెవి ఉండాది, సీటు మీద ఆశా ఉండాది కదప్పా," అంది నేత్రావతి సెల్విన్‌తో.

"నిజమే మేడం. నన్ను నేనే అనుమానిస్తా ఉండాను. ఈ గదిలో ఇంగ ఏదీ సరిగా లేదు, ఫ్రిజ్‌లో పెట్టుకున్న నా నిమ్మరసం కూడా చప్పగా అయిపోతా ఉంది."

ల్యాబు ఫ్రిజ్‌లో నిమ్మరసమా అని రాయ్ కళ్ళెర్రజేశాడు. నేత్రావతి ఫ్రిజ్ తెరిచింది. తలుపు అరలో నిమ్మరసంతో కలిపి ఐదు సీసాలు, ఐదూ మెడ దాకా, దారం పట్టి కొలిచినట్టు ఒకే ఎత్తున నిండి ఉన్నాయి.

ఆమె నరసింహప్పను బజారుకు పంపించింది: ఒక ఉర్లగడ్డ, అంటే బంగాళాదుంప, ఇంకా మందుల షాపులో పుండ్లకు పోసే పెరాక్సైడు. ఉర్లగడ్డను రెండు చెక్కలు చేసి ఒకదానిమీద షాపు మందు వేస్తే బుస్సున నురగ వచ్చింది. దానికంటే పదింతలు ఘాటుగా ఉండాల్సిన ల్యాబు మందు వేస్తే నాలుగు బుడగలు వచ్చి ఊరుకున్నాయి.

నేత్రావతి అందర్నీ బల్ల చుట్టూ కూర్చోబెట్టింది.

"సీసా తరగకపోవడానికి కారణం నీళ్ళు. షెరిన్ మీద పగబట్టినవాడైతే ఒక్క సీసా ముట్టుకుంటాడు. సెల్విన్ తన నిమ్మరసం తానే పాడుచేసుకోడు. ఈ మనిషి సీసా మెడనే గీత అనుకుని, దాని కిందికి దిగిన ప్రతి సీసానూ నింపినాడు. తలదీపం బ్యాటరీలో నీళ్ళు తగ్గితే డిస్టిల్డ్ వాటర్ పోసి గీత దాకా నింపి, నంబరు పిలిచి దీపం ఇచ్చేది ల్యాంప్‌రూములో పొద్దుటి పని. యాడ నుంచి వస్తావు ఆంథోనీ, వెనక తలుపు నుంచేనా?"

ముసలాయన తల దించుకున్నాడు. నిద్రపట్టక ఐదింటికే వస్తాడట, ముందు తాళం చప్పుడైతే సిగ్గుపడి వెనకనుంచే వెళ్ళిపోతాడట. చెరుపు చేస్తున్నట్టు తనకు తెలియదన్నాడు.

"గీత కింద ఉంటే చూడలేనమ్మా. ఒక దినం మునియప్ప దీపం నింపకుండానే ఇచ్చినాను. నాలుగువందల పన్నెండు. లోపల ఆరిపోయింది. వాడు పైకి రాలేదు."

రాయ్ అతన్ని ఆ పూటే పంపేస్తానన్నాడు. షెరిన్ అడ్డుపడింది, సీసాల్లో ఏముందో నెల రోజుల్లో అతనికి తనూ చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు అంది. రాయ్ లేబుళ్ళ కట్ట తెచ్చి బల్లమీద పెట్టాడు. కొత్త పెరాక్సైడ్ సీసా సీలు ఆ సాయంత్రమే తీశారు.

సోమవారం పొద్దున నేత్రావతి, నరసింహప్ప కూడా చూస్తుండగా రెండు గాజు పళ్ళేలు బల్లమీదికి వచ్చాయి. ఒకదాంట్లో ప్రోటీన్ ఉన్న కణాలు బతికి, తెల్లని చుక్కలుగా కిక్కిరిసి ఉన్నాయి. ప్రోటీన్ తీసేసిన రెండోది ఖాళీ. ఫొటోలు బెంగళూరు వెళ్ళాయి. సీటు నీదేనని గంటలో ఫోను వచ్చింది. సెల్విన్ నిమ్మరసం పంచాడు, ఈసారి చిక్కగానే.

ఆంథోనీ మాత్రం ఖాళీ పళ్ళెం మీదికి వంగి చూస్తున్నాడు.

"దీంట్లో ఒక్కరూ పైకి రాలేదా అమ్మా?"

షెరిన్ అతని పక్కకు వెళ్ళి నిలబడింది.

"లేదు తాతా. వీళ్ళ మీద మందు పోసింది నేను. నువ్వు కాదు."

ఆంథోనీ, పోయినవాళ్ళకు తీసినట్టు, టోపీ తీశాడు. నరసింహప్ప కూడా తీశాడు. టోపీ లేని సెల్విన్ గ్లాసు కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు.