కాలవలో కడిగిన సిలువలు

సాయంత్రం స్పెషల్ క్లాసుకి ఉండలేనని స్టెల్లా మెల్లగా చెప్పింది. ఎందుకని అడిగారు సోషల్ చెప్పే జనార్దనరావు మాస్టారు.

"ఈరోజు సమాధుల పండుగండి. మా నాయనమ్మ దగ్గరికి వెళ్ళాలండి."

ఆరో తరగతిలో కొంతమందికి అది ఇంట్లో పండుగే. మిగతావాళ్ళకి అదేంటో సరిగ్గా తెలియదు. మాస్టారు పాఠం పక్కన పెట్టి, తన ఫోన్‌లో ఒక ఫొటో తీసి బెంచీ బెంచీకీ చూపించారు. అది పోలండ్ దేశంలో ఒక శ్మశానమట. నవంబరు వచ్చేసరికి అక్కడ చలి వణికించేస్తుందట. అయినా జనం పిల్లాజెల్లాతో రైళ్ళెక్కి సొంత ఊళ్ళకి వస్తారట. సమాధులు తుడిచి, చామంతులు పెట్టి, గాలికి ఆరిపోకుండా రంగు రంగుల గాజు గ్లాసుల్లో కొవ్వొత్తులు వెలిగిస్తారట. ఫొటోలో చీకటి నేలంతా ఎర్రగా, పసుపుగా వెలుగుతోంది.

మన భట్టిప్రోలులో స్టెల్లావాళ్ళు చేసేదీ ఇదేనని మాస్టారు చెప్పారు. క్లాసంతా స్టెల్లా వైపు తిరిగింది. ఇంకో రోజైతే ఆ పిల్ల కాలు నేల మీద నిలిచేది కాదు. ఈరోజు మాత్రం తల దించుకుని పెన్ను క్యాప్ తీస్తూ, పెడుతూ కూర్చుంది. శనివారం నుంచీ ఆమెకి అన్నం సయించడం లేదు. ఎందుకో చెబుతాను.

నాయనమ్మ రూతు మే నెల ఎండల్లో పోయింది. స్టెల్లా పుట్టినప్పటి నుంచీ పడుకున్నది నాయనమ్మ పక్కలోనే. ఇప్పుడు నిద్రలో చెయ్యి చాపితే పక్కన గోడే తగులుతుంది. అదే వారంలో, వాళ్ళ వీధిలోనే ఉండే కృపారావు తాతయ్య భార్య కరుణ కూడా పోయింది. ఇద్దరినీ శ్మశానంలో తుమ్మచెట్టు దగ్గర పక్కపక్కనే సమాధి చేశారు. రెండూ మట్టి దిబ్బలే. ఏడాది తిరిగాక సిమెంటుతో కట్టించుకోవచ్చని ఇద్దరి ఇళ్ళవాళ్ళూ అనుకున్నారు. అప్పటిదాకా గుర్తుగా చెరొక చెక్క సిలువ పాతి, దాని మీద పెయింటుతో పేరు రాయించారు.

అక్టోబరు చివర్లో ముసురు పట్టి శ్మశానంలోకి నీళ్ళొచ్చాయి. నీళ్ళు తీసిన తర్వాత, శనివారం పొద్దున, అమ్మ స్టెల్లాని పంపింది. సిలువ నిలబడి ఉందో లేదో చూసి రమ్మంది. పడిపోయి ఉంటే ముట్టుకోవద్దని, నాన్న వచ్చి చూసుకుంటాడని మరీ మరీ చెప్పింది. నాన్న బర్నబాసు తెనాలిలో రైసుమిల్లులో పనిచేస్తాడు. సెలవు దొరికినప్పుడే ఇంటికి వస్తాడు.

స్టెల్లా వెళ్ళేసరికి రెండు దిబ్బలూ కుంగి నేలకి అంటుకుపోయాయి. రెండు సిలువలూ ఏ దిబ్బది ఆ దిబ్బ మీదే పడి ఉన్నాయి. బురద మెత్తుకుని పేర్లు కనపడటం లేదు. పాపం, స్టెల్లా చూడలేకపోయింది. అమ్మ మాట మర్చిపోయి రెండు సిలువలూ చంకన పెట్టుకుని కాలవ దగ్గరికి పోయింది. కొబ్బరి పీచుతో రుద్ది రుద్ది కడిగింది. పేర్లు కొత్తగా రాసినట్టు తేలాయి. సంతోషంగా తిరిగొచ్చి దిబ్బల ముందు నిలబడింది.

అప్పుడు తట్టింది. ఏ సిలువని ఏ దిబ్బ మీద నుంచి తీసింది?

ఎటునుంచి చూసినా రెండు దిబ్బలూ ఒక్కలాగే ఉన్నాయి. చాలాసేపు అక్కడే తిరిగింది. చివరికి ఏదైతే అదైందని, చెట్టుకి దగ్గరున్న దిబ్బ మీద నాయనమ్మ సిలువ గుచ్చింది. రెండోది పక్క దిబ్బ మీద పెట్టింది. ఇంటికొచ్చి అమ్మతో, "నిలబడే ఉందమ్మా," అంది. నోట్లోంచి ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

సమాధుల పండుగ సాయంత్రానికి శ్మశానం శ్మశానంలా లేదు. సమాధులన్నిటికీ సున్నం కొట్టారు. ఎక్కడ చూసినా బంతిపూల దండలు, సాంబ్రాణి పొగ. గాలికి కొవ్వొత్తులు ఆరిపోకుండా పిల్లలు వాటర్ బాటిళ్ళు సగానికి కోసి చుట్టూ అడ్డం పెడుతున్నారు. పాస్టరుగారు ఒక్కో కుటుంబం దగ్గరా ఆగి ప్రార్థన చేస్తున్నారు.

పండక్కి సెలవు పెట్టి వచ్చిన నాన్న చెట్టు పక్క దిబ్బకి కొత్త మట్టి పోసి, చుట్టూ సున్నం గీత గీశాడు. అమ్మ కొవ్వొత్తులు వెలిగించింది. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి మట్టి మీద ఆనించి, "అమ్మా, వచ్చానే," అన్నాడు. ఆ తర్వాత ఆయన భుజాలు కదలడం స్టెల్లా చూసింది. నాన్న ఏడవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

అంతలో కృపారావు తాతయ్య వచ్చాడు. కరుణ పోయాక ఆయన రేపల్లెలో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఒక్కడే బస్సులో వచ్చాడు. పక్క దిబ్బ మీద సిలువ తడిమి, పేరు చదువుకుని, కష్టం మీద నేల మీద కూర్చున్నాడు. కొవ్వొత్తి వెలిగించి, భార్య ఎదురుగా ఉన్నట్టే మాట్లాడటం మొదలుపెట్టాడు. కంటికి ఆపరేషన్ అయిందట, ఇప్పుడు బాగానే ఆనుతోందట. మనవరాలు నడుస్తోందట. కూతురు బాగానే చూసుకుంటోంది గానీ, కూరలో ఉప్పు మాత్రం నీలా వెయ్యలేదని చెప్పి కాసేపు ఆగాడు.

"నువ్వు లేకపోతే ఏం తోచట్లేదు కరుణా," అన్నాడు మెల్లగా.

స్టెల్లా వినలేకపోయింది. ఆ మాట చేరాల్సిన మనిషికి చేరిందో లేదో. నాన్న కన్నీళ్ళు ఎవరి మట్టి మీద పడ్డాయో. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ప్రతి ఏడూ వీళ్ళు వస్తారు, ఇలాగే కూర్చుంటారు, ఇలాగే ఏడుస్తారు.

వెళ్ళి ఇద్దరి మధ్యా నిలబడింది.

"నాన్నా, తాతయ్యా, సిలువలు పడిపోయినయ్యి. నేనే కడిగి పెట్టా. ఏది ఎవరిదో తెలీకుండా పెట్టేశా. అమ్మకి అబద్ధం చెప్పా."

అమ్మ చెయ్యెత్తింది. మళ్ళీ ఏమనుకుందో దించేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న లేచి తుమ్మచెట్టు వైపు చూశాడు, దిబ్బల వైపు చూశాడు, రెండు అడుగులు వెనక్కి వేసి మళ్ళీ చూశాడు. నాకూ తెలియట్లేదు, నీకేమైనా గుర్తుందా బాబాయ్ అని అడిగాడు.

"ఆ రోజు నాకు ఏం కనపడిందిరా, బర్నబాసూ," అన్నాడు తాతయ్య.

అమ్మ కూడా గుర్తు లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. పక్క సమాధి దగ్గర ఎవరో కీర్తన పాడుతున్నారు. స్టెల్లా ఏడుపు ఆపుకోలేక వెక్కిళ్ళు పెట్టింది. తాతయ్య ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఆయన ముఖంలో కోపం ఉందో దిగులు ఉందో ఆమెకి అర్థం కాలేదు.

"చెప్పావు, మంచిదైంది. లేకపోతే నేను ఇటు కూర్చుని వెళ్ళిపోదును. అది అటు ఎదురుచూస్తా ఉండేది."

ఆయన చెట్టు పక్క దిబ్బ దగ్గరికి నడిచి, మళ్ళీ కష్టం మీద కూర్చున్నాడు. కంటి ఆపరేషన్ దగ్గర నుంచి అన్నీ తిరిగి మొదలుపెట్టాడు. ఒక్కటి కూడా వదల్లేదు. ఉప్పు సంగతి దగ్గర మళ్ళీ ఆగాడు.

నాన్న రెండో దిబ్బకి కూడా మట్టి పోసి, సున్నం గీత గీశాడు. పూలదండని రెండుగా తెంపాడు. స్టెల్లా రెండు సిలువలూ పీకి, దిబ్బల మధ్య ఖాళీలో గుంట తవ్వడం మొదలుపెట్టింది. గునపం బరువుకి చేతులు బొబ్బలెక్కినా నాన్నని పట్టనివ్వలేదు. రెండింటినీ పక్కపక్కనే పాతి, కదలకుండా మట్టి తొక్కింది.

తర్వాత కొవ్వొత్తులు తీసుకుని చెట్టు పక్క దిబ్బ ముందు కూర్చుంది. ఒకటి వెలిగించి పెట్టింది.

"నాయనమ్మా, నీ సిలువ నేనే మార్చేశా. అమ్మకి అబద్ధం చెప్పా. రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదే."

అక్కడి నుంచి లేచి రెండో దిబ్బ ముందుకి వెళ్ళింది. ఇంకో కొవ్వొత్తి వెలిగించి, గాలి తగలకుండా చెయ్యి అడ్డం పెట్టి, "నాయనమ్మా," అని మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.