అమ్మ ఫోనులో లేని నంబరు

ఆదివారం మధ్యాహ్నానికి అమ్మ ఫోనులో ముప్పై ఒక్క శాతం చార్జి మిగిలింది. మళ్ళీ ఎక్కించే దారి లేదు. చార్జరు పెట్టే చోటు లోపల విరిగిపోయింది. సందు చివర ఫోన్లు బాగుచేసే అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు. "విప్పితే లోపలున్నవి ఉంటాయో పోతాయో నేను మాటివ్వలేనమ్మా. చార్జి ఉండగానే ఇంకో మంచి ఫోనులోకి పంపించేసుకోండి. నెట్టు కూడా అక్కర్లేదు. రెండూ పక్కపక్కన పెడితే గాల్లోనే వెళ్ళిపోతాయి" అన్నాడు. అతనికేం, చెప్పడం సులువే.

పెద్దమ్మాయిది బటన్ల ఫోను. అందులోకి గాల్లోంచి ఏదీ రాదు.

ఇంతకీ అమ్మ ఫోనులో ఉన్నది అమ్మ గొంతు. అమ్మకి చదువు రాదు. ముందు గదిలో మిషను పెట్టుకుని ముప్పై ఏళ్ళు వీధందరికీ బట్టలు కుట్టింది గానీ, ఒక్క కొలతా కాగితం మీద పెట్టలేదు. మొదట్లో అన్నీ బుర్రలోనే ఉంచుకునేది. ఫోను వచ్చాక అందులో చెప్పి పెట్టుకోవడం నేర్చింది. కొలతలిచ్చిన మనిషి గడప దాటగానే ఫోను నోటి దగ్గర పెట్టుకుని మొదలెట్టేది. "బ్యాంకావిడ. భుజం పద్నాలుగు, నడుము ముప్పై నాలుగు. ఎడమ భుజం కాస్త జారుంటుంది. ఆ మాట ఆవిడతో అనకూడదు, చిన్నబుచ్చుకుంటుంది. లోపల పలచగా గుడ్డ వెయ్యాలి." మధ్యలో పాలు పొంగుతున్నాయని కేకలూ, పెద్దమ్మాయి మీద విసుగూ, తనలో తాను నవ్వుకోవడమూ అన్నీ అందులోనే. అలాంటివి మూడు వందల పన్నెండు.

ఆర్నెల్ల కిందట అమ్మకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ, మాటా పడిపోయాయి. మాట తెప్పించే డాక్టరమ్మ అన్ని ప్రయత్నాలూ చేసి చివరికి, "ఆమె గొంతే ఆమెకి రోజూ వినిపించండి. అలవాటైన మాటల వెనక నోరు కదులుతుంది" అని చెప్పింది. పెద్దమ్మాయి రోజూ వినిపించేది. మొన్న బుధవారం బ్యాంకావిడ కొలతలు వింటూ అమ్మ పెదాలు కూడదీసుకుని "భు..." అంది. ఆర్నెల్లకి ఒక్క అక్షరం... పెద్దమ్మాయి వంటగదిలోకి వెళ్ళి తలుపేసుకుని కడుపారా ఏడ్చింది. ఇప్పుడు ఆ ఫోను పోతే అమ్మ మాట ఆ అక్షరం దగ్గరే ఆగిపోతుంది.

అందుకని చెల్లెలికి ఫోను చేసింది. తనంతట తాను చెయ్యడం నాలుగేళ్ళలో ఇదే మొదలు.

చెల్లెలిని ఇంట్లో బుల్లి అంటారు. ఇప్పుడు ముప్పై రెండేళ్ళు, చొక్కాల ఫ్యాక్టరీలో కుట్లు తనిఖీ చేసే ఉద్యోగం, అయినా బుల్లే. నాలుగేళ్ళ కిందట, ఈ గదిలో రోజుకి రెండు గౌనులు కుడుతూ ముసలిదాన్ని అయిపోలేనని అమ్మతో పోట్లాడి వేరే ఊరు వెళ్ళిపోయింది. అమ్మకి జబ్బు చేసిందని ఎవరో చెబితే విని, బదిలీ చేయించుకుని ఈ ఊరు వచ్చింది. వారానికోసారి వస్తుంది. గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుంటుంది. "ఎలా ఉందక్కా?" అని అడుగుతుంది, అమ్మని కాదు, అక్కని. పది నిమిషాలు కాగానే లేస్తుంది. పరాయివాళ్ళు కూడా ఇంకో ఐదు నిమిషాలు కూర్చుంటారు.

ఎందుకలా చేస్తుందో పెద్దమ్మాయికి తెలుసు. ఊరు వదిలి వెళ్ళాక బుల్లి అమ్మకి ఫోను చేసేది. ఫోను వచ్చిన రోజు అమ్మ మిషను ముట్టుకునేది కాదు. తిండి సహించేది కాదు. "నేనూ దాని దగ్గరికి పోతానే" అనేది. కట్టుకున్నవాడు వదిలేసి వెళ్ళాక అమ్మ నీడన బతుకుతున్న పెద్దమ్మాయికి ఆ మాట వింటే గుండె జారిపోయేది. అమ్మ కూడా వెళ్ళిపోతే ఈ గదిలో తనూ, రెండు మిషన్లూ! ఒకరోజు అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు బుల్లి నంబరు అమ్మ ఫోనులోకి రాకుండా ఆపేసి, ఫొటోతో సహా చెరిపేసింది. అమ్మకి చదువు రాదు, ఫొటోలు చూసి నొక్కుతుంది. ఫొటో లేకపోతే మనిషి లేనట్టే. "నంబరు మార్చేసుకుందేమోనమ్మా" అంటే అమ్మ నమ్మింది. కొన్నాళ్ళకి అడగడం మానేసింది. అమ్మకి కోపం తగ్గలేదని బుల్లి అనుకుంది. ఇప్పుడు నిజం చెప్పాలన్నా అమ్మకి నోరు లేదు, చెప్పడానికి అమ్మకి నిజమే తెలియదు. తెలిసిన ఒక్క మనిషీ ఆర్నెల్లుగా ప్రతి వారం కాఫీ కలిపి ఇచ్చి ఊరుకుంటోంది.

బుల్లి వచ్చి రెండు ఫోన్లూ బట్ట కత్తిరించే బల్ల మీద పెట్టింది. అమ్మ తన కుర్చీలోంచి చూస్తోంది.

"పంపు అని నొక్కాను. 'దగ్గర్లో ఎవరూ లేరు' అంటోంది" అంది బుల్లి.

"ఇంకాస్త దగ్గరగా పెట్టు."

"ఇంతకంటే దగ్గరంటే రెండిటినీ కలిపి కుట్టాలక్కా."

బ్లూటూత్ ఉంది. వైఫై ఉంది. లొకేషన్ లేదు, పెట్టారు. బుల్లి ఫోను హాట్‌స్పాట్ ఆన్‌లో ఉంది, అది ఉంటే కుదరదట, తీసేశారు. అమ్మ ఫోనులో చార్జి పొదుపు పెట్టి ఉంది, అదీ అడ్డమే. దాన్ని తీసేస్తే శాతాలు మాత్రం గబగబా జారడం మొదలెట్టాయి. ఇరవై ఆరు. ఇరవై నాలుగు. ఒకసారి ఆపి మళ్ళీ వెలిగించి చూశారు. వెలిగేసరికి ఇరవై. రెండు ఫోన్లూ పక్కపక్కనే పడుకుని, పక్కనెవరూ లేరనే చెప్పాయి.

బుల్లి తన ఫోనులో వెతికి చదివింది. "ఇక్కడ రాశారు చూడు. 'కాంటాక్టులకు మాత్రమే' అని పెట్టి ఉంటే, ఒకరి నంబరు ఒకరి ఫోనులో ఉండాలి. లేకపోతే ఎదురుగా ఉన్నా కనిపించదు. నాది అలాగే పెట్టి ఉంది."

పెద్దమ్మాయి బల్ల మీది కత్తెర తీసి, మళ్ళీ అక్కడే పెట్టింది.

"అమ్మ నంబరు నా దగ్గరుంది" అంది బుల్లి, తలెత్తకుండానే. "నాదే అమ్మ దగ్గర ఉండదు. తీసేసి ఉంటుంది. ఎత్తని ఫోనుకి నంబరెందుకులే..." ఫ్యాక్టరీలో కుట్టు లోపం చెప్పినట్టే చెప్పింది, కోపంగా కూడా కాదు. "పర్వాలేదు, 'అందరికీ' అని ఇంకోటుంది. అది పెడితే పది నిమిషాలు ముక్కూ మొహం తెలియనివాళ్ళకి కూడా కనిపిస్తుందట. పెట్టెయ్యనా?"

కుర్చీలోంచి అమ్మ ఏదో శబ్దం చేసింది. ఎడమ చేత్తో కుర్చీ చేతిని కొట్టింది. తల అడ్డంగా ఊపుతోంది, తను తియ్యలేదని, తీసిందని అనుకోవద్దని... బుల్లికి అది అర్థం కాలేదు. "ఏం కావాలట? నీళ్ళా?" అని అక్కనడిగింది.

పెట్టెయ్యమంటే సరిపోతుంది. పది నిమిషాల్లో పని అయిపోతుంది, అమ్మ గొంతు మిగులుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. పెద్దమ్మాయి నోట్లోకి ఆ మాటే వచ్చింది కూడా. కానీ అమ్మ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. చెయ్యని తప్పుకి సంజాయిషీ చెప్పుకోవడానికి ఒక్క అక్షరం ఉన్న మనిషి, ఆ ఒక్కటీ పనికిరాక ఏడుస్తోంది.

"అది పెట్టకు" అంది పెద్దమ్మాయి. "అమ్మ తియ్యలేదు బుల్లీ. నేను తీశాను."

బుల్లి వేలు ఫోను మీదే ఆగిపోయింది.

"నువ్వు వెళ్ళిన రెండో నెలలో. నీ ఫోను రాకుండా ఆపేసి నంబరు చెరిపేశాను. నువ్వు నంబరు మార్చుకున్నావని అమ్మకి చెప్పాను. అమ్మ నీ దగ్గరికి వచ్చేస్తానంది... నాకు భయమేసింది. అంతే. ఇంకే కారణమూ లేదు."

బల్ల మీద ఫోను పంతొమ్మిది నుంచి పద్దెనిమిదికి దిగింది.

"అంటే నేను చేసినవి ఒక్కటీ మోగలేదా?" అంది బుల్లి.

"లేదు."

"నాకు మోగుతున్నట్టే వినపడేది. ఏడాది పాటు ప్రతి ఆదివారం చేశాను. మోగి మోగి ఆగిపోయేది. అమ్మ ఫోను చేతిలో పట్టుకుని నా ఫొటో చూస్తూ కూర్చుందనుకునేదాన్ని."

పెద్దమ్మాయి అమ్మ వైపు చూడలేకపోయింది. చూడక తప్పదని చూసింది. అమ్మ కొడుతుందనుకుంది, మొహం తిప్పేసుకుంటుందనుకుంది. అమ్మ ఎడమ చెయ్యి చాపి బల్ల మీద తన ఫోనుని చూపించింది. మళ్ళీ చూపించింది. ముందు ఆ పని కానివ్వమని.

పెద్దమ్మాయి ఫోను తీసుకుని, అప్పట్లో పెట్టిన అడ్డు తీసేసి, బుల్లి నంబరు కొట్టి దాచింది. ఎవరినీ అడగలేదు. చెరిపేసిన నాటి నుంచి ఆ పది అంకెలూ ఆమెకి నోటికి వచ్చు. తర్వాత ఫొటో కావాలి. ఫోను పైకెత్తి "ఇటు చూడు" అంది. బుల్లి చూడలేదు. గోడకేసి తిరిగి నిలబడింది. అప్పుడు అమ్మ ఇంకో శబ్దం చేసింది, గట్టిగా. బుల్లి వెళ్ళి వంగితే, మడతపడి ఉన్న ఆమె చొక్కా కాలరుని అమ్మ ఎడమ చేత్తో సవరించి, వేలితో రెండుసార్లు నొక్కి, ఇక సరే అన్నట్టు వదిలింది. బుల్లి ఎర్రబడ్డ కళ్ళతో ఫోను వైపు తిరిగింది.

ఈసారి పంపు అని నొక్కగానే బుల్లి ఫోను పేరు కనిపించింది. ఒకటి, పది, నలభై... బ్యాంకావిడా, బడి పంతులుగారూ, పాల పొంగూ, కేకలూ అన్నీ వరసగా దాటుకుంటూ వెళ్ళాయి. మూడు వందల పన్నెండోది చేరేసరికి అమ్మ ఫోనులో నాలుగు శాతం ఉంది. బుల్లి ఒకటి రెండు తెరిచి వినిపించి, అన్నీ ఉన్నాయని చూసుకుని, సంచీ భుజాన వేసుకుంది.

"రేపు ఓ ఫోను కొనుక్కొచ్చి ఇందులోవన్నీ వేసిస్తాను. వెళ్తున్నానమ్మా" అంది. అక్కతో ఏమీ అనలేదు. మెట్లు దిగిపోయింది.

నాలుగేళ్ళ తప్పుకి ఆ మాత్రం శిక్ష ఎక్కువేం కాదని పెద్దమ్మాయి మిషను ముందు కూర్చుంది. కూర్చుందో లేదో అమ్మ ఫోను మోగింది. తెర నిండా బుల్లి ఫొటో, సవరించిన కాలరుతో. అమ్మ ఎడమ చేత్తో అందుకుని చెవికి ఆనించుకుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఆ సన్నటి గొంతు బాగానే వినపడింది.

"అమ్మా, నువ్వేం మాట్లాడక్కర్లేదు. విను చాలు. నువ్వు ఎత్తలేదనుకున్న మొదటిసారి నేను ఫోను చేసింది దేనికంటే... ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో నేను కుట్టిన కాలరు చూసి మా మేస్త్రి..."

అంతే. తెర నల్లబడింది. అమ్మ ఇంకా ఫోను చెవి దగ్గరే పెట్టుకుని వింటోంది.

పెద్దమ్మాయి చటుక్కున లేచింది. మళ్ళీ కట్ అయింది. మళ్ళీ నేనే ఆపేశాననుకుంటుంది బుల్లి... బటన్ల ఫోను కోసం అటూ ఇటూ తడుముకుంది. పనిగుడ్డల కింద ఎక్కడో ఉంది, చేతికి తగల్లేదు. ఈలోగా మెట్ల మీద అడుగులు వినిపించాయి, గబగబా ఎక్కుతూ.

బుల్లి ఆయాసపడుతూ గుమ్మంలో నిలబడింది.

"నేను కాదే..." అంది పెద్దమ్మాయి.

"తెలుసు. చార్జి అయిపోయుంటుంది."

స్టూలు వైపు వెళ్ళలేదు. తిన్నగా వచ్చి అమ్మ మోకాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, చెవి దగ్గరున్న ఫోనుని మెల్లగా తీసి ఒళ్ళో పెట్టింది. అది వాళ్ళిద్దరి మాట, తను వినకూడదనిపించి పెద్దమ్మాయి మిషను తొక్కడం మొదలుపెట్టింది. సూది కింద గుడ్డ కూడా లేదు.

"మిషను ఆపక్కా, అమ్మకి వినపడట్లేదు" అంది బుల్లి. "నువ్వూ విను."

పెద్దమ్మాయి ఆపింది.

"మా మేస్త్రి ఆ కాలరు పట్టుకుని హాలంతా తిప్పి చూపించాడమ్మా. ఇది నీకెవరు నేర్పారని అడిగాడు. మా అమ్మ అని చెప్పాను. ఆ సంగతి చెబుదామనే ఆ రోజు ఫోను చేశాను."