తొమ్మిదో దిక్కు

ఆషాఢ అమావాస్య… మిట్టమధ్యాహ్నానికి ఇంకా గంటన్నర!

ఎల్బీనగర్ దాటి నాదర్‌గుల్ వైపు పోయే మట్టిరోడ్డు పక్కన నలభై ఎకరాల చింతతోపు కారుమబ్బుల కింద నల్లగా నిలబడి ఉంది. దాని మూడు వైపులా సున్నం కొట్టిన ప్లాటు రాళ్లు, కాలనీల బోర్డులు, సగం లేచిన గోడలు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి పొలాలూ తోటలూ మింగుకుంటూ వచ్చిన పట్నం ఈ తోపు దగ్గర మాత్రం నోరు మూసుకుంది. కొలవడానికి లోపలికి వెళ్లిన వాడెవడూ కొలత పూర్తిచేసి రాలేదు మరి!

రాత్రంతా కురిసిన వానకు ఆకులు ఇంకా కారుతున్నాయి. ఎక్కడో లోపల పట్టపగలే గుడ్లగూబ అరిచింది…

ఆ తోపులోంచి సైదులు మూడోసారి బయటికి వచ్చి పడ్డాడు. ముక్కుసూటిగా నడిచిన మనిషి బయలుదేరిన చోటికే తిరిగి వచ్చాడు! మూడుసార్లూ నడుమ ఒకటే చెట్టు ఎదురైంది. మొదలు రెండుగా చీలిన ముసలి చింత. దాని కింద రాలిన ఆకులు తప్ప ఏమీ లేవు. దానికి వీపు పెట్టి ఎటు నడిచినా కాసేపటికి మళ్లీ అదే చెట్టు, ఆపైన ఇదే మట్టిరోడ్డు. అతని భార్య కౌసల్యమ్మ మాత్రం ఆ తోపులోనే ఉంది.

నల్లగొండ పల్లె వదిలి వచ్చి, ఆటో నడుపుకుంటూ దిల్‌సుఖ్‌నగర్‌లో ఆరేళ్లు కిరాయి గదిలో ఉండి, తోపు పక్కన ప్లాటులో రేకుల గది వేసుకుని నెల కాలేదు. కట్టెపుల్లల కోసం తోపులోకి వెళ్లిన కౌసల్యమ్మ ఆ చీలిన చెట్టు కింద నున్నటి నల్లరాయి ఒకటి చూసింది. బట్టలు ఉతుక్కోవడానికి బాగుంటుందని పెకిలించి ఇంటికి తెచ్చుకుంది. దానికి పూసిన కుంకుమను సబ్బు పెట్టి కడిగేసింది కూడా. పాపం, ఆమె చేసిన నేరం అంతే!

ఈ తెల్లవారుజామున ఆమె రెప్ప వేయని కళ్లతో లేచి, తడిజుట్టు విరబోసుకుని తోపువైపు నడిచింది. అడ్డుపడిన పక్కింటి పెంటమ్మను ఒంటిచేత్తో అవతలికి విసిరింది. ఆ నోట మగవాడి నవ్వు వినిపించింది…

పెంటమ్మ ఆ ఊరి పాత మనిషి. ఇది మట్టయ్య పనేనని సైదులు చెవిలో చెప్పింది. ఒకప్పుడు సర్వేవాళ్ల దగ్గర గొలుసు పట్టి భూములు కొలిచినవాడు, హద్దురాళ్లు జరిపీ జరిపీ చివరికి మానవత్వపు హద్దే దాటిపోయాడు. ఘోర శ్మశానసాధనతో ఆ చెట్టు చుట్టూ ఎనిమిది రాళ్లు పాతి అష్టదిగ్బంధనం చేశాడు. ఆ కట్టు లోపల ఉన్నది బయటివాడి కంటికి కనబడదు. కౌసల్యమ్మ పెకిలించింది నైరృతి రాయి. తీసిన మనిషినే ఆ గుంటలో నిలువునా పాతిపెడితే కట్టు మళ్లీ కుదురుతుంది. అమావాస్య నడిపొద్దుకు గుంట ఖాళీగా ఉంటే కట్టినవాడినే అడుగుతుంది.

“పొద్దు నడినెత్తికి వచ్చేలోపల తేవాలె బిడ్డా. దాటితే గామె నీకు దక్కది” అన్నది పెంటమ్మ.

సైదులు ఆటో తీశాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో తన పాత ఇంటి యజమాని బాపిరాజు కాళ్ల మీద పడ్డాడు. గోదావరి మనిషి, ముప్ఫై ఏళ్లు ఓడల్లో దారి లెక్కలు కట్టి రిటైరైనవాడు. మొన్ననే విదేశం నుంచి తెప్పించుకున్న ఇటుకంత యంత్రం ఒకటి ఆయన దగ్గర ఉంది. భూమ్మీద మనిషి ఎక్కడున్నదీ అంకెల్లో చెబుతుందట. మంత్రాల్ని ఆయన నమ్మలేదు, సైదులు ఏడుపును నమ్మాడు. తోపు దగ్గర రెండు డాబాలెక్కి, చెట్ల మీద లేస్తున్న సన్నటి పొగను దిక్సూచితో గురిచూసి, లెక్కగట్టి, అది లేచే చోటు అంకెలు కాగితం మీద రాసిచ్చాడు.

“యంత్రంలో ఈ అంకెలు వచ్చేదాకా నడువు. కానీ ఒకటి, దీనికి ఆకాశం కనపడాలయ్యా. పైన తిరిగే ఉపగ్రహాలు నాలుగు అందితేనే పలుకుతుంది. ఆకుల కింద ఇది గుడ్డిది, అందులోనూ తడి ఆకులు. ఇంకా అన్నీ పైకి పంపలేదు, పన్నెండు దాటితే ఆ నాలుగూ దిగిపోతాయి, మళ్లీ రేపే.”

రేపు దేనికి? సైదులు యంత్రాన్ని గుండెకు హత్తుకుని, తాటిచెట్లెక్కే మోకుతాడును నడుముకు చుట్టుకుని, నాలుగోసారి ఆ చీకటిలోకి దూరాడు.

పది అడుగులకే వెలుగు చచ్చిపోయింది! కొమ్మ మీద కొమ్మ, ఆకు మీద ఆకు… ఆకాశం చిల్లిగవ్వంత కూడా లేదు. యంత్రం ఒక ఉపగ్రహాన్ని పట్టింది, వదిలేసింది. మళ్లీ పట్టింది, మళ్లీ వదిలేసింది. చేయి పైకెత్తాడు, ఆకుల సందుల కింద నిలబడ్డాడు, దేవుళ్లందరికీ మొక్కాడు. అంకెలు రాలేదు. ఎదురుగా మళ్లీ అదే చీలిన చెట్టు!

సైదులు దాని మొదట్లో కూలబడి తల బాదుకున్నాడు. పదకొండేళ్ల కాపురం. ఆమె లేకుండా తను ఎందుకు బతకాలో అతనికి ఒక్క కారణమూ తోచలేదు. అప్పుడే నాదర్‌గుల్‌లో విమానం నేర్చుకునే వాళ్లెవరో తోపు మీదుగా ఎగిరిపోయారు. ఆ మోత విని అతను తలెత్తి చూశాడు… అతని తండ్రి, తాత కల్లు గీసిన వాళ్లు. పన్నెండో ఏటే తాటిచెట్టెక్కిన మనిషి ఇంతసేపూ నేల మీద దేవులాడుతున్నాడు!

తడిసిన బెరడు జారుతోంది. మోచేతులు చీరుకుపోయాయి. అయినా ఎక్కాడు. చిటారుకొమ్మల్లోంచి తల బయటపెట్టేసరికి మబ్బుల ఆకాశం విశాలంగా పరుచుకుంది. యంత్రాన్ని కదలకుండా ఎత్తిపట్టాడు. ఒకటి… రెండు… మూడు… బ్యాటరీ గుర్తు మినుకుమినుకుమంటోంది!

అప్పుడు కింద నుంచి కౌసల్యమ్మ గొంతు కరుణగా పిలిచింది.

“సైదులూ… చేతిలది పారేసి దిగిరా సైదులూ.”

పదకొండేళ్లలో ఆమె అతన్ని పేరు పెట్టి పిలవలేదు. బిడ్డ దక్కని ఆ పురిటినొప్పుల్లో కూడా ఆ పేరు ఆ నోట రాలేదు. పిలుస్తున్నది ఆమె కాదు… సైదులు పళ్లు బిగించి చేయి కదపలేదు.

నాలుగు! అంకెలు వచ్చాయి. కాగితంతో పోల్చాడు. చివరి అంకెదాకా అవే అంకెలు. పొగ లేచే చోటు ఈ చెట్టే, తను మూడుసార్లు వీపు తిప్పి వెళ్లిపోయిన ఈ చెట్టే!

కొమ్మల సందున సూటిగా కిందికి చూశాడు…

చితిబొగ్గుల నిప్పు. దాని ముందు నెత్తురు పూసిన కపాలం. మెడలో సర్వే గొలుసు వేసుకుని, జడలు కట్టిన జుట్టుతో మట్టయ్య వికటంగా మంత్రాలు చదువుతూ పారతో మట్టి తోస్తున్నాడు. గుంటలో మోకాళ్లదాకా మట్టిలో కౌసల్యమ్మ! ఎనిమిది దిక్కులూ కట్టినవాడికి తొమ్మిదోదొకటి ఉందని తట్టలేదు. బతుకంతా నిడివీ వెడల్పూ కొలిచినవాడు పైకి ఎన్నడూ కొలవలేదు.

కింది కొమ్మకు జారి సైదులు మోకును ఉచ్చు వేసి వదిలాడు. అది ఆమె భుజాల మీదుగా జారి చంకల కింద బిగుసుకుంది. మట్టయ్య తలెత్తాడు.

“ఏ దిక్కుకు తీస్కపోతవురా? అన్నీ నేను కట్టినయే.”

“మీదికి” అన్నాడు సైదులు.

లాగాడు! ఆమె నోట పదిగొంతుల ఆర్తనాదం! మోకు అరచేతులను కోస్తుంటే ఎముక తగిలేదాకా లాగాడు. మట్టయ్య విసిరిన పార ఆమె కాలిని రాసుకుపోయింది. ఒక్కొక్క మూరే లేచి, చివరికి ఆమె పాదాలు మట్టిని వదిలాయి…

సరిగ్గా అప్పుడే మబ్బు చీలింది. నడినెత్తి సూర్యుడు ఆకుల్లోంచి గుంటలోకి సూటిగా దిగాడు. గుంట ఖాళీగా ఉంది!

భూమి గుర్రుమంది. మట్టయ్య తూర్పుకు పరుగెత్తాడు, తన రాయి దగ్గరే తిరిగి చెట్టుకు వచ్చి పడ్డాడు. ఉత్తరానికి పరుగెత్తాడు, మళ్లీ చెట్టు! ఏడు దిక్కులూ అతను తన చేతుల్తో కట్టుకున్నవే. తెరిచి ఉన్నది నైరృతి ఒక్కటే… అక్కడ గుంట నోరు తెరుచుకుని ఉంది. కపాలాన్ని అందులోకి విసిరి తీసుకొమ్మని వేడుకున్నాడు. నేల దాన్ని ఉమ్మేసింది! అతని కాళ్ల కింది మట్టి మెల్లగా గుంటవైపు జారసాగింది. భూదేవి ముందు క్షుద్రశక్తి ఎంత? నడుము, ఛాతీ, అరుస్తున్న నోరు… తర్వాత మెడలోని గొలుసు లంకె లంకెగా వంద లంకెలూ లోపలికి పోయాయి. గుంట పూడిపోయింది.

కొమ్మ మీద కౌసల్యమ్మ రెప్ప వేసింది. మొగుడి నెత్తుటి చేతుల్ని చూసి తన కొంగుతో చుట్టింది. కింద మిగిలిన రాళ్ల వైపు చూస్తూ నోరు విప్పింది.

“నన్నొక్కదాన్నే తీసినవు. గక్కడ ఇంక ఏడుగురున్నరు. పొద్దుగాల సంది నాతోని మాట్లాడుతనే ఉన్నరు.”

నైరృతిది వట్టి రాయి, అందుకే ఆడమనిషి చేతికి ఊడి వచ్చింది. మిగతా ఏడూ వట్టివి కావు.

కట్టినవాడే పోయాక దిక్కులు విడిపోయాయి. సైదులు కేక విని బాపిరాజు, పెంటమ్మ, కాలనీల జనం తోపులోకి సూటిగా నడిచి వచ్చారు. సాయంత్రందాకా తవ్వారు. ఒక్కొక్క రాయి కింద ఒక్కొక్క ఆడమనిషి అస్థిపంజరం నిలువుగా బయటపడింది.

ఏడో గుంట దగ్గర పెంటమ్మ వంగి, మట్టిలోంచి పచ్చగాజు ఒకటి తీసి చీరకు తుడిచింది. ఎవరితోనో లేచిపోయిందని పన్నెండేళ్లుగా తను తిట్టుకుంటున్న కూతురి గాజు అది.