వెనక్కి పోతేనే చప్పుడు

"గర్ర్... టక్! గర్ర్... టక్!"

కామారెడ్డిలో యాకూబు మెకానిక్ షెడ్డు ముందు భీమేష్ పికప్ బండిని వెనక్కి తీస్తున్నాడు. నీడలో పడుకున్న కుక్క లేచి దూరంగా జరిగింది.

"ఏందన్నా, బండిల మేకను గిట్ల కట్టేసినవా?" అన్నాడు యాకూబు, నూనె చేతులు గుడ్డకు తుడుచుకుంటూ.

"నవ్వకు యాకూబన్నా! వారం సంది గిదే లొల్లి. ముందుకు పోతే చప్పుడు లేదు. వెనక్కి పోతేనే మోగుతుంది. పొద్దుగాల ఎల్లారెడ్డి నుంచి మక్కల లోడు తెచ్చిన. దింపి సీదా నీ దగ్గరికే వచ్చిన."

బండి ఆగగానే భీమేష్ కూతురు సాయిలత సీటు మీంచి దిగింది. వెనక టైరు దగ్గర తాడుతో వేలాడుతున్న తుమ్మ కట్టెను కొక్కెం నుంచి తీసి, టైరు కింద పెట్టింది. బండి జారకుండా పెట్టే కట్టె అది. సాయిలత ఐదో తరగతి. ఆదివారం నాన్నతో బండిలో వచ్చిందంటే ఈ పని ఇంకెవరినీ ముట్టుకోనివ్వదు.

ఆ కట్టెను చెక్కింది ఎంకయ్య తాత. బండి కొన్నది కూడా తాతే. పోయిన వానకాలంలో ఆయన చనిపోయాడు.

తాత ఉన్నప్పుడు, సాయంత్రం బండి వాకిట్లోకి వెనక్కి వస్తుంటే, ఆయన పక్కన నిలబడి బండి రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టేవాడు. "రానీ... రానీ... బస్!" ఆ గొంతు వినబడితే చాలు, సాయిలత ఎక్కడ ఆడుకుంటున్నా పరుగెత్తుకొచ్చేది. తాత ఆమె చేత కూడా కొట్టించేవాడు. "టైరు ఎనక నిలబడొద్దు బిడ్డా. పక్కకు నిలబడాలె. బాపుకు అద్దంల కనవడాలె" అనేవాడు.

ఆయన చొక్కాకు ఎప్పుడూ బీడీల వాసన, జనప నార వాసన.

సాయిలత కట్టెను మళ్లీ కొక్కేనికి తగిలించాక, యాకూబు డ్రైవర్ సీట్లో కూర్చుని రెండుసార్లు బండి నడిపి చూశాడు. ముందుకు పోతే ఏమీ లేదు. వెనక్కి పోతే మళ్లీ అదే "గర్ర్... టక్!"

"ఎనక చక్రాలు లేపి చూస్త. సాయిలతా, ఆ కట్టె ముందు టైరు కింద పెట్టు" అన్నాడు.

సాయిలత పెట్టింది. యాకూబు జాకీతో బండిని లేపాడు. భీమేష్ రివర్స్ గేరు వేశాడు. వెనక చక్రాలు గాలిలో గిరగిర తిరిగాయి. చప్పుడు లేదు.

యాకూబు తల గోక్కున్నాడు.

"గాలిల మోగుతలేదు, నేల మీద మోగుతుంది. బరువు పడితేనే లోపల ఏదో తగులుతుందన్నట్టు. గేరుబాక్సు ఇప్పాలె. నాలుగు రోజులు బండి ఈడనే ఉంటది."

భీమేష్ పాత టైరు మీద కూలబడ్డాడు.

"ఎన్నిసార్లని ఇప్పుతం అన్నా? బిచ్కుంద ఆయన ఈ బండి కొంటనని ఎప్పటి సంది అడుగుతుండు. ఉన్నది ఉన్నట్టు ఇచ్చేస్త. ఇంక నాతోని కాదు."

సాయిలత తలెత్తి నాన్న వంక చూసింది. తాత బండి అమ్మేస్తారా? అద్దం పక్కన తాత అంటించిన నెమలి బొమ్మతో సహా?

బండి మొరాయించినప్పుడల్లా తాత చెప్పే మాట ఆమెకు గుర్తుకొచ్చింది. "ఏడ మోగుతుందని ఎతకకు బిడ్డా. ఎప్పుడు మోగుతలేదో ముందుగాల చూడు."

ఎప్పుడు మోగలేదు? ముందుకు పోయినప్పుడు. ఇంకా? జాకీ మీద ఉన్నప్పుడు.

జాకీ మీద ఉన్నప్పుడు ఏం మారింది? సాయిలత బండి చుట్టూ చూసింది. ముందు టైరు కింద తుమ్మ కట్టె కనబడింది.

నడిచేటప్పుడు ఆ కట్టె కొక్కేనికి వేలాడుతుంది. ఆగగానే తనే తీసేస్తుంది. అందుకే ఎవరు వంగి చూసినా అక్కడ ఏమీ కనబడదు.

కానీ ఇన్నేళ్లూ వేలాడినా మోగలేదే? మోగదు. అప్పుడు తాత పేనిన జనప తాడు ఉండేది. జానెడంతే. వారం కింద ఆ తాడు విప్పి, తన తాడాట తాడు కట్టింది తనే. అది మూరెడు పొడుగు.

"తాత తాడేది?" అని నాన్న ఆ రోజే అడిగాడు. "తెగిపోయింది బాపూ, పారేసిన" అంది తను.

ఇప్పుడు చెబితే ఆ అబద్ధమూ బయటపడుతుంది. చెప్పకపోతే బండి బిచ్కుంద పోతుంది.

"బాపూ..."

"ఏందిరా?"

"గేరుబాక్సు ఇప్పకుండ్రి. ఒక్కసారి బండి దించి, కట్టె లేకుంట వెనక్కి తియ్యి."

యాకూబు నవ్వాడు. "ఎంకయ్య మనవరాలు కదా, మాట ఇనాలె." బండిని దించాడు. సాయిలత కట్టె చేత్తో పట్టుకుని పక్కకు నిలబడింది. బండి వెనక్కి వచ్చింది. చప్పుడు లేదు. కట్టెను కొక్కేనికి తగిలించి, బండిని మళ్లీ వెనక్కి తీయమంది. "గర్ర్... టక్!"

యాకూబు వంగి చూశాడు. "అరే! ముందుకు పోతే కట్టె టైరుకు దూరం జరుగుతుంది, ఎనక్కి వస్తుంటే ఊగి టైరుకు రాసుకుంటుంది. ఎగిరి రేకును కొడుతుంది. ఇంత పొడుగు తాడు ఎవరు కట్టిన్రు?"

"నేనే చాచా."

సాయిలత సీటు వెనక దాచిన సంచి తెచ్చింది. అందులోంచి తాత తాడు తీసి నాన్న చేతిలో పెట్టింది.

"తెగలేదు బాపూ. అబద్ధం చెప్పిన. బండికే ఉంటే అరిగిపోతదని దాచుకున్న. దీనికి ఇంకా తాత వాసన వస్తుంది."

భీమేష్ తాడును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు తీయలేదు.

"వస్తుంది" అన్నాడు మెల్లగా. తాడును ఆమె చేతికి తిరిగి ఇస్తూ, "నాకు చెప్తే కోప్పడుదునా బిడ్డా? జరంత అయితే బండి పోతుండె."

"గేరుబాక్సు ఇప్పితే నా నడుము పోతుండె!" అన్నాడు యాకూబు. ముగ్గురూ నవ్వారు. సాయిలత నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

తాత తాడును తనే కట్టెకు కట్టింది. తాత వేసినట్టే రెండు ముళ్లు వేసింది.

పొద్దు వాలుతుండగా బండి ఎల్లారెడ్డిలో ఇంటి ముందు ఆగింది. నాయనమ్మ పెద్దవ్వ చాటలో బీడీలు సర్దుతూ తలెత్తింది.

"ఏమాయెరా, చప్పుడు దొరికెనా?"

"దొరికిందవ్వా. ఏదో కట్టె తగిలింది..." అంటూ భీమేష్ కూతురి వంక చూశాడు.

"ఏదో కట్టె కాదు నాయనమ్మా" అంది సాయిలత. "నేను తాత తాడు ఇప్పి దాచిన. తెగిందని అబద్ధం చెప్పిన. మళ్ల కట్టేసిన. కానీ అది నిజంగనే తెగితే ఎట్ల?"

పెద్దవ్వ చాట పక్కన పెట్టింది. లోపలికి వెళ్లి గుప్పెడు జనప నార తెచ్చింది.

"మీ తాతకు పేనుడు నేర్పింది ఎవరనుకున్నవ్? ముందుగాల బండి లోపలికి రానీ, తర్వాత కూసుండి పేనుడు నేర్సుకుందువు."

సాయిలత వెళ్లి పక్కకు, నాన్నకు అద్దంలో కనబడేలా నిలబడింది. రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టింది.

"రానీ... రానీ..."

బండి మెల్లగా వాకిట్లోకి వచ్చింది. సాయిలత చెవి పెట్టి వింది. ఇంజిను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"బస్!"